ఏడు మీట మీద కుంకుమ

మా ఇంట్లో చదువంటే అప్పజెప్పడం. నాన్నగారు కోనసీమలో వేదపాఠశాలలో చదువుకున్నదీ అలాగే, నాకు ఎక్కాలూ శ్లోకాలూ నేర్పిందీ అలాగే. పుస్తకం ఆయన చేతిలో ఉంటుంది. నేను గోడకానుకుని నిలబడి చెప్పాలి. ఒక్క అక్షరం జారినా పుస్తకంలోంచి తలెత్తకుండానే "ఊఁ?" అంటారు. ఆ "ఊఁ" వినగానే మళ్ళీ మొదటి నుంచి అందుకునేదాన్ని. ముప్పై ఎనిమిదో ఏట మళ్ళీ అదే గోడకానుకుని కంప్యూటరు అసెంబ్లీ లాంగ్వేజ్ అప్పజెప్పాల్సి వస్తుందని ఎవరైనా అని ఉంటే, నీకేమైనా పిచ్చా అని అడిగేదాన్ని.

రావులపాలెంలో ఒక ప్రైవేటు స్కూల్లో నేను కంప్యూటర్ టీచర్ని. పిల్లల చేత బొమ్మలు గీయించడం, టైపు చేయించడం, మౌసులు విరగ్గొట్టకుండా చూడటం నా పని. ఒక రోజు కరస్పాండెంటు గారు స్టాఫ్ రూముకి వచ్చి, "మేడమ్, మీ బీటెక్ సర్టిఫికెట్ ఫైల్లో లేదండి. ఈ ఏడాది ఇన్‌స్పెక్షన్ గట్టిగా ఉంటుందంటున్నారు. అప్పటికి పెట్టకపోతే నా చేతుల్లో ఏమీ ఉండదండి" అన్నారు. ఆయన కేకలేసి ఉంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. మెత్తగా చెప్పారు, అందుకే భయం వేసింది.

ఫైల్లో లేకపోవడానికి కారణం, అది నా దగ్గరా లేకపోవడం. బీటెక్‌లో అన్నీ పాసయ్యాను, మైక్రోప్రాసెసర్ ల్యాబ్ ఒక్కటి తప్ప. ఆ పరీక్ష రోజున అమ్మను ఆసుపత్రిలో చేర్చాం. తర్వాత అమ్మ పోయింది. నాన్నగారికి మోకాళ్ళు అరిగిపోయి పౌరోహిత్యం తగ్గిపోయింది. ఇంట్లో మేమిద్దరం, ఇద్దరికీ నా జీతం. ఆ ల్యాబ్ సంగతి రేపు చూద్దాం, వచ్చే ఏడాది చూద్దాం అనుకుంటూనే ఇన్నేళ్ళు గడిచాయి. ఇంతలో యూనివర్సిటీ వాళ్ళు పాత బ్యాచ్‌ల వాళ్ళకి ఒక్క అవకాశం ఇస్తున్నామని ప్రకటన వేశారు. దసరా సెలవులు అయ్యాక పరీక్ష. ఇది తప్పితే ఇక లేదు. డిగ్రీ ఉండదు, దాంతోపాటు ఉద్యోగమూ ఉండదు.

రాజమండ్రి దారిలో ఒక కాలేజీని పరీక్షా కేంద్రం చేశారు. శనివారాలు వచ్చి ప్రాక్టీసు చేసుకోమన్నారు. మొదటి శనివారం వెళితే ల్యాబ్ అసిస్టెంటు ఒక బీరువా తాళం తీసి, అందులోంచి కిట్లు ఒక్కొక్కటే ఎత్తి బల్ల మీద పెట్టాడు. "కొత్త సిలబస్‌లో ఇవి లేవండి. మీ బ్యాచ్ వాళ్ళ కోసమే దుమ్ము దులుపుతున్నాం" అన్నాడు. మీ బ్యాచ్ అన్నప్పుడు కిట్లనీ మమ్మల్నీ ఒకే చూపు చూశాడు.

కిట్ అంటే ఒక ఆకుపచ్చ బోర్డు. పైన ఎర్రగా వెలిగే అంకెల వరస, కింద మీటలు. సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు, ఆ పక్కన ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు. స్క్రీను లేదు, మౌసు లేదు. దాంతో ఏం మాట్లాడాలన్నా ఆ మీటల్లో రెండేసి నొక్కాలి. 'కలుపు' అనడానికి ఒక జంట, 'పోల్చు' అనడానికి ఒక జంట. 'ఆగు' అనాలంటే సెవెన్ సిక్స్. కొట్టిన ప్రతి జంటా ఒక నంబరున్న గడిలో పడుతుంది. ఒక్క మీట తప్పు పడితే అది తప్పని చెప్పదు, నోరు మూసుకుని తప్పే చేస్తుంది. నేను రోజూ పిల్లలకి చూపించే కంప్యూటరు కడుపులో ఉన్నదీ ఇలాంటి మొండిదేనట. ఇన్నేళ్ళూ పైపై తొక్క చూపించి జీతం తీసుకున్నానన్నమాట.

పుస్తకం తెరిచాను. రిజిస్టరు, అక్యుములేటరు, ఫ్లాగు, ప్రోగ్రామ్ కౌంటరు. ఒక మాట అర్థం చేసుకోవాలంటే ఇంకో రెండు మాటలు తెలిసుండాలి, ఆ రెండూ తర్వాతి పేజీల్లో ఉంటాయి. రాసినవాడి మీద ఒళ్ళు మండింది. ల్యాబ్ అసిస్టెంటు నా మొహం చూసి జాలిపడ్డాడు. "అర్థం గిర్థం అని కూర్చోకండి మేడమ్. ప్రోగ్రాములు ఇవేనండి, వీటిల్లోంచే చీటీ తీయిస్తారు. బట్టీ కొట్టేయండి" అంటూ ఒక జిరాక్స్ కాగితాల కట్ట చేతిలో పెట్టాడు.

ఆ సాయంత్రం వంటింట్లో నేను గిన్నెలు కడుగుతున్న చప్పుడుకి నాన్నగారు కుర్చీలోంచే కేకేశారు.

"ఏంటే అమ్మడూ, ఆ గిన్నెలేం చేశాయి నిన్ను?"

"ఇది బుర్రకెక్కట్లేదు నాన్నగారూ. మంత్రం కాదు, శ్లోకం కాదు, ఉత్త అంకెలు. ఒకదానికొకటి పొంతన లేదు."

"ఏదీ, ఇలా పట్రా."

కళ్ళజోడు పెట్టుకుని కాగితాలు తిప్పి చూశారు. "దీనికి అర్థం ఉందా?" అని అడిగారు.

"ఉందండి. నాకే తెలీదు."

"పాఠశాలలో మాకు మాత్రం తెలిసిందేంటి? ముందు నోటికి రానీ. అర్థం ఎక్కడికి పోతుంది, అదే వస్తుంది. ఊఁ, కానీ. ఆ గోడ దగ్గర నుంచో."

అలా మొదలైంది. వేదం నోటికి పట్టించడానికి వాళ్ళకి కొన్ని పద్ధతులున్నాయి. మాటలు వరసగా చెప్పడం ఒకటి. క్రమం అని ఇంకొకటి. అందులో మొదటి మాటా రెండో మాటా కలిపి చెప్పాలి, తర్వాత రెండోదీ మూడోదీ, తర్వాత మూడోదీ నాలుగోదీ. ప్రతి మాటా ముందున్న దాని చెయ్యీ వెనకున్న దాని చెయ్యీ పట్టుకునే ఉంటుంది, కాబట్టి మధ్యలో ఒకటి జారిపోవడం కుదరదు. నాన్నగారు నా చేత ఆ అంకెలన్నీ క్రమంలో చెప్పించారు. "టూ వన్, జీరో జీరో. జీరో జీరో, ఎయిట్ వన్. ఎయిట్ వన్, ఫోర్ ఈ." నేను తడబడితే "ఊఁ?" అనేవారు. ఆయనకి ఇంగ్లీషు అంకెలు చదవడం వచ్చు, అవి ఏం చేస్తాయో తెలియదు. నాకూ తెలియదు. తండ్రీ కూతుళ్ళం ఇద్దరం ఏమీ తెలియకుండా రోజూ సాయంత్రం గొంతెత్తి పారాయణ చేశాం. పక్క వాటా ఆవిడ ఒక రోజు పిట్టగోడ మీంచి తొంగిచూసి, "ఏం జపమండీ ఇది, కొత్తగా ఉంది?" అని అడిగింది. "ఉద్యోగ జపమండీ" అన్నాను. ఆవిడ నిజమే అనుకుంది. తనకీ నేర్పమంది, వాళ్ళబ్బాయి ఖాళీగా ఉన్నాడట.

నిజం చెప్పాలంటే పని జరిగింది. దసరా దగ్గర పడేసరికి నిద్రలో లేపి అడిగినా ఏ ప్రోగ్రామైనా చెప్పగలిగే స్థితికి వచ్చాను. శనివారం శనివారం వెళ్ళి కిటికీ పక్కనున్న కిట్ మీద కొట్టేదాన్ని. మిగతా వాటిల్లో కొన్నిటికి అంకెలు సరిగా వెలగవు. ఆ ఒక్కటీ ఎప్పుడూ మొరాయించలేదు. నాకు దాని మీద నమ్మకం కుదిరింది.

ఆ కాలేజీలో ఏటా ఆయుధపూజ చేస్తారు. లేతు మెషీన్లకీ, జనరేటరుకీ, బస్సులకీ, ల్యాబుల్లో ఉన్న సమస్త సామానుకీ బొట్లు పెడతారు. ఈసారి వాళ్ళ పంతులుగారికి జ్వరం వచ్చింది. ల్యాబ్ అసిస్టెంటు నాకు ఫోను చేసి, "మీ నాన్నగారు పురోహితులన్నారు కదండీ, కొంచెం వస్తారా?" అని అడిగాడు. ఆయన మోకాళ్ళ సంగతి చెబుదామని నోరు తెరిచే లోపే నాన్నగారు పక్కనుంచి "వస్తామను, వస్తామను" అంటున్నారు.

ఆటోలో తీసుకెళ్ళాను. చాలా రోజుల తర్వాత పట్టుపంచె కట్టుకున్నారు. వర్క్‌షాపులో, కంప్యూటర్ ల్యాబులో ఓపిగ్గా తిరిగారు. కంప్యూటర్ల దగ్గర మాత్రం ల్యాబ్ అసిస్టెంటు కంగారుపడుతూ వెంట తిరిగాడు. "పంతులుగారూ, నీళ్ళు చల్లకండి, పెట్టె మీద ఒక్క బొట్టు చాలండి" అంటూనే ఉన్నాడు. కిట్ల గదికి వచ్చేసరికి అతనికీ ఓపిక అయిపోయింది, పాతవే కదా అనుకుని గుమ్మంలోనే ఫోను చూసుకుంటూ నిలబడిపోయాడు. నాన్నగారు అన్నిటికీ అంచున తలో బొట్టు పెట్టి నా వైపు తిరిగారు.

"నీ పరికరం ఏదే?"

కిటికీ పక్కదాన్ని చూపించాను. ఆయన దాని ముందు ఆగారు. కుంకుమ భరిణెలో కొంచెం నీళ్ళు వేసి చిక్కగా కలిపారు. ఉంగరం వేలితో తీసి సరిగ్గా మీటల మీద పెట్టారు, పెట్టి కళ్ళు మూసుకున్నారు. పెదాలు కదులుతున్నాయి. ఆ మనిషికి నా పరీక్ష ఏమిటో తెలియదు. నేను గట్టెక్కాలని మాత్రం తెలుసు.

పూజ చేసిన పనిముట్టుని పండగ వెళ్ళేదాకా ముట్టుకోకూడదు, అది ఆచారం. ఆ వెంటనే సెలవులు. కాబట్టి ఆ గది తలుపు మళ్ళీ తెరిచింది పరీక్ష రోజునే.

ఆ ఉదయం నాన్నగారు నాతోపాటు వస్తానని పట్టుబట్టారు. వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికి వెళ్ళాను. పరీక్ష రాసేవాళ్ళం అందరం నడివయసు వాళ్ళమే. ఒకాయనకి జుట్టు సగం నెరిసిపోయింది. నేను వెళ్ళి కిటికీ పక్కన కూర్చున్నాను. చీటీ తీస్తే, కొన్ని సంఖ్యల్లో అన్నిటికంటే పెద్దదాన్ని పట్టుకునే ప్రోగ్రామ్ వచ్చింది. నాకు కొట్టినపిండి. లోపల్లోపల నవ్వుకుంటూ మొదలెట్టాను. టూ వన్, జీరో జీరో, ఎయిట్ వన్, ఫోర్ ఈ, టూ త్రీ. తర్వాత సెవెన్ ఈ.

సెవెన్ పడలేదు.

ఇంకోసారి నొక్కాను. మీట కిందికి దిగడం లేదు. గట్టిగా నొక్కాను. తల్లోంచి పిన్ను తీసి మీట సందులో గీకాను. ఎర్రటి పొడి రాలింది. ఎండిపోయిన కుంకుమ. ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు, అర్థమయ్యాక చెమటలు పట్టాయి. అయ్యో నాన్నా, అనుకున్నాను. ఆ తర్వాత అనుకున్నవి రాయదగ్గవి కావు.

చెయ్యెత్తాను. ఎగ్జామినరు వేరే ఊరి నుంచి వచ్చిన మనిషి, బక్కపల్చగా, విసుగ్గా ఉన్నాడు. ఆయన వచ్చి చూసి, "ఇంకో కిట్ లేదా?" అని ల్యాబ్ అసిస్టెంటుని అడిగాడు. లేదు. పనిచేసేవన్నీ జనం ముందున్నాయి. "ఎవరైనా లేస్తే ఆ కిట్ తీసుకోండి మేడమ్. టైము మాత్రం పెంచలేను" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఎవరు లేస్తారు? ఎవరి ప్రాణం వాళ్ళది.

చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. స్కూలు గుర్తొచ్చింది, కరస్పాండెంటు గారి మెత్తటి గొంతు గుర్తొచ్చింది. వరండాలో నాన్నగారు కూర్చుని ఉన్నారు. బయటికి వెళ్ళి ఏం చెప్పాలి? మీరు పెట్టిన బొట్టు వల్ల పోయిందని చెప్పాలా?

ఏం చేయాలో తోచక, అలవాటు కొద్దీ మనసులో క్రమం చెప్పుకోవడం మొదలెట్టాను. టూ త్రీ, సెవెన్ ఈ. సెవెన్ ఈ, జీరో డీ. ఏడున్న చోటల్లా ఆగాను. మొత్తం ప్రోగ్రాములో అది తగిలేది కొద్ది చోట్లే. ఆగిన ప్రతిసారీ ఇటు పక్క మాటా అటు పక్క మాటా పలికాయి. వాటి మధ్య ఇది ఎందుకుంది అని మొట్టమొదటిసారి నన్ను నేను అడిగాను. ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా అడగలేదు.

మా రావులపాలెం అరటి మార్కెట్లో గెలలు వరసగా పేర్చి ఉంటాయి. వాటిల్లో పెద్దది ఏరాలంటే ఎలా? మొదటి గెల చేతిలోకి తీసుకుని వరస వెంట నడవాలి. చేతిలో దానికంటే పెద్దది కనపడితే ఇది దించేసి అది ఎత్తుకోవాలి. వరస అయ్యేసరికి చేతిలో ఉన్నదే పెద్దది. ఈ ప్రోగ్రామ్ చేస్తున్నదీ అంతే. సెవెన్ ఈ అంటే 'ఎత్తుకో'. ఇంతేనా? ఇంత మాత్రం దానికా ఆ పుస్తకం నన్ను అంత ఏడిపించింది?

'ఎత్తుకో' అనే మాట నాకు లేదు. సరే, ఖాళీ చేత్తో నడుస్తాను. చేతిలో సున్నా ఉంటే మొదటి గెల ఎలాగూ దానికంటే పెద్దదే. 'ఎత్తుకో' అనడానికి బదులు, చెయ్యి సున్నా చేసి దానికి గెలను 'కలుపు' అంటే చాలు. సున్నాకి కలిపితే అదే కదా. 'కలుపు'లో ఏడు లేదు. మళ్ళీ వరసలోకి వెనక్కి దూకాల్సిన చోటు చిరునామాలో కూడా పుస్తకం ప్రకారం ఒక ఏడు ఉంది. నేను ముందు మార్చినదాని వల్ల ఆ చోటు ఏడో గడి నుంచి ఆరో గడికి జరిగింది, ఆ ఏడు దానంతట అదే పోయింది. అది కనపడినప్పుడు మాత్రం గట్టిగా నవ్వేశాను. నెరిసిన జుట్టాయన తిరిగి చూశాడు.

చివరికి 'ఆగు' మిగిలింది. సెవెన్ సిక్స్. దానికి మాత్రం వేరే దారి దొరకలేదు, ఎంత వెతికినా ఏడు లేకుండా దాన్ని ఆగమనలేను. చాలాసేపు చూసి, 'ఇక్కడికే దూకు' అని రాశాను. ఎక్కడుందో అక్కడికే దూకుతుంది, మళ్ళీ అక్కడికే. ఆగదు, అలాగని ముందుకీ పోదు.

ఎగ్జామినరు ఒక్కొక్కరి దగ్గరికీ వస్తున్నాడు. అందరూ ప్రోగ్రామ్ కొట్టేశారు, జవాబూ వచ్చింది. ఆయన మాత్రం ప్రతివాళ్ళనీ "ఇందులో చిన్న మార్పు చెయ్యండి" అని అడుగుతున్నాడు. జనం మొహాలు తేలేస్తున్నారు. బట్టీ పట్టినవాడికి మార్పు ఎక్కడిది? ఆ కిట్లో ఏడు దిగి ఉంటే నేనూ వాళ్ళ వరసలోనే ఉండేదాన్ని.

నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "ఏడు లేని సంఖ్యలే ఇస్తానులెండి" అని కొన్ని చెప్పాడు. ఎక్కించి నడిపించాను. రీసెట్ నొక్కి జవాబున్న గడి చూపించాను. పెద్దదే వచ్చింది. ఆయన నేను కొట్టిన అంకెలు ఒక్కొక్కటే పైకి తెచ్చి చూడసాగాడు. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇది పుస్తకంలో ప్రోగ్రామ్ కాదే. ఎక్కడిది?"

"ఇక్కడిదేనండి. ఇప్పుడే రాశాను."

"ఆగమనే మాట ఏదీ?"

"ఏడు లేకుండా ఆగమనడం కుదర్లేదండి. ఉన్నచోటే తిరుగుతూ ఉండమన్నాను. పనైపోయింది కదండీ, తిరిగినా ఎవరికీ నష్టం లేదు."

ఆయన విసుగు కొంచెం తగ్గింది. "సరే, పెద్దది కాదు, చిన్నది కావాలి నాకు. ఏం మారుస్తారు?"

"ఖాళీ చేత్తో బయల్దేరితే కుదరదండి, సున్నా కంటే చిన్నది ఏదీ దొరకదు. పట్టగలిగినంత పెద్దది పట్టుకుని బయల్దేరాలి. ఎఫ్ ఎఫ్. తర్వాత ఈ పోల్చి దూకే చోట మాట తిరగెయ్యాలి" అని మీట మీద చూపించాను.

ఆయన కాగితం మీద ఏదో రాసుకుని, "ఏం చేస్తుంటారు మేడమ్?" అన్నాడు.

"కంప్యూటర్ టీచర్నండి."

"చెప్పండి, చెప్పండి. పిల్లలకి చెప్పండి. పాసయ్యారు, వెళ్ళండి" అని పక్క బల్లకి వెళ్ళిపోయాడు. అలా పైకి చెప్పకూడదనుకుంటాను. ఆయన చెప్పేశాడు. నాకు కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి, కొంగుతో తుడుచుకుంటూ కిట్ ఆపేశాను.

బయటికొచ్చాను. నాన్నగారు బెంచీ మీద నిటారుగా కూర్చుని తలుపు వైపే చూస్తున్నారు. నా కళ్ళు ఎర్రగా ఉండటం చూసి ఆయన మొహం వాడిపోయింది. లేవబోయి మోకాలు పట్టుకున్నారు.

"పాస్ నాన్నగారూ" అన్నాను.

ఆయన చేతులు జోడించి ఎటో దణ్ణం పెట్టుకుని, చిన్నపిల్లాడిలా నా మొహంలోకి చూశారు.

"కుంకుమ పనిచేసిందంటావా అమ్మడూ?"

లోపల కూర్చున్నప్పుడు ఈయన్ని ఏమేం అనాలో అన్నీ వరసగా పేర్చుకున్నాను. క్రమంలో అప్పజెప్పగలను. ఆయన మొహం చూస్తే ఒక్కటీ నోటికి రాలేదు. పైగా ఆయన అడిగినదానికి ఎటు నుంచి చూసినా ఉన్న జవాబు ఒకటే.

"పనిచేసిందండి. అది లేకపోతే తప్పేదాన్నే."

"మరి!" అన్నారు నాన్నగారు, నా చెయ్యి పట్టుకుని లేస్తూ. "మీటలన్నిటి మీదా పెడదామనే అనుకున్నానే ఆ రోజు. భరిణెలో కుంకుమ అయిపోయింది."